పొగరాయుడి గణాంక పాండిత్యం

గణాంకశాస్త్రం పరీక్ష రెండుసార్లు తప్పిన విద్యార్థికి కూడా ఆ శాస్త్రంలో ఒక్క వాక్యం మాత్రం కంఠతా వచ్చి ఉంటుంది: "రెండు విషయాలు కలిసి కనిపించినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదు." మధ్యగతం అంటే చెప్పలేడు. ప్రామాణిక విచలనం పేరెత్తితే ముఖం తిప్పుకుంటాడు. కానీ సిగరెట్ తాగే విద్యార్థులకు సగటున మార్కులు తక్కువ వస్తున్నాయని ఎవరైనా అన్నారో, పొగను ఓ పక్కకు వదిలి, మహాచార్యుడి గాంభీర్యంతో ఈ మహావాక్యాన్ని ప్రవచిస్తాడు. చుట్టూ ఉన్న శిష్యబృందం తలలూపుతుంది. ఈ దృశ్యం చూసీ చూసీ నా ఓపిక నశించింది.

అతడి వాక్యం నిజమే, కాదనను. ఎన్నో దేశాల సర్వేల్లో పొగతాగే విద్యార్థులు మార్కుల్లో వెనకబడినట్టు తేలింది. అయితే ఆ వెనకబాటు మొత్తాన్నీ సిగరెట్ నెత్తిన రుద్దలేం. తప్పిన దిగులుతో సిగరెట్ అందుకున్నవాడు ఉంటాడు. ఇంటి ఇబ్బందులు, మద్యం, నిద్రలేమి, తరగతి ఎగ్గొట్టే స్నేహబృందం, వీటన్నిటినీ విడదీసి దేని వాటా ఎంతో తేల్చడం కష్టం. ఒక మోతాదు నికోటిన్ కాసేపు ఏకాగ్రతను కొద్దిగా పెంచినట్టు ప్రయోగశాలల్లో కనిపించిన మాటా వాస్తవమే. "చూశారా, నేను చెప్పలేదూ" అంటూ అప్పుడే లేవకండి. కూర్చోండి.

మన పండితుడి కాఠిన్యం ఒకవైపే పనిచేస్తుంది. సిగరెట్ వల్ల చదువు చెడుతుందంటే అతడికి వేలమంది మీద, ఏళ్ల తరబడి, అన్ని కారణాలనూ తూకం వేసి జరిపిన పరిశోధన కావాలి. "ఒకటి వెలిగిస్తేగానీ బుర్ర కదలదు" అనడానికి మాత్రం ఏమీ అక్కర్లేదు. అది స్వానుభవం. పైగా సాక్ష్యానికి ఒక సీనియర్ ఉన్నాడు. ఈ సీనియర్ ప్రతి కళాశాలలోనూ ఉంటాడు. రాత్రంతా పొగ, తెల్లవారితే పరీక్ష, ఫలితాల్లో ప్రథమ స్థానం. ఆ మహానుభావుణ్ణి కళ్లారా చూసినవాడు లేడు. ఎవర్ని అడిగినా ఆయన ఎప్పుడూ రెండేళ్ల ముందు బ్యాచే. ఇంతవరకు కనిపించని ఒకే ఒక్క మనిషి మీద నిలబడిన సిద్ధాంతం ఇది.

కొండ మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉందని గ్రహించమన్నారు మన తార్కికులు. కనిపించే గుర్తును బట్టి కనిపించనిదాన్ని తెలుసుకునే పద్ధతికి, అంటే అనుమాన ప్రమాణానికి, వాళ్లు ఇచ్చిన ప్రసిద్ధ ఉదాహరణే పొగ. మన కుర్రవాడు ఆ తార్కికులకు ఎదురుపడి ఉంటే, కొండనూ పొగనూ తేరిపార చూసి, "ఇది యాదృచ్ఛికం కావచ్చు" అని ఉండేవాడు, నోట్లోంచి సిగరెట్ తీయకుండానే.

ఈ ఏకాగ్రతా సిద్ధాంతాన్ని తేల్చడానికి పరీక్ష హాలును మించిన చోటు లేదు. పరీక్ష మూడు గంటలు. శరీరంలో చేరిన నికోటిన్ దాదాపు 2 గంటల్లో సగానికి పడిపోతుంది. గంట మోగే ముందు భవనం వెనక చివరి సిగరెట్ ముగించుకుని మన వీరుడు లోపలికి వస్తాడు. పీల్చిన కొన్ని క్షణాలకే నికోటిన్ మెదడు చేరుతుంది కనుక మొదటి అరగంట ఆ తేజస్సు చూసి తీరాలి. మార్జిన్లు గీస్తాడు. శీర్షికల కింద రెండేసి గీతలు పెడతాడు. రెండు మార్కుల ప్రశ్నకు పేజీన్నర రాస్తాడు.

గంటన్నరకు చూపు గోడ గడియారం మీదికి పోతుంది. కలం మూత పళ్ల మధ్యకు చేరుతుంది. కుడికాలు తనంతట తాను ఊగడం మొదలుపెడుతుంది. ఆ ఊపుకు ముందు బల్ల అదురుతుంది; దాని మీద రాస్తున్న అమ్మాయి అక్షరాలు భూకంప లేఖినిలో పడిన గీతల్లా తయారవుతాయి. ఆమె వెనక్కి తిరిగి చూస్తుంది. చూసినందుకు పర్యవేక్షకుడు ఆమెను మందలిస్తాడు. ఇతడి చెయ్యి మాటిమాటికీ జేబు తడుముతుంటే చీటీ ఉందేమోనని వచ్చి సోదా చేస్తాడు. లైటరు దొరుకుతుంది. చీటీ కాదు కనుక ఇద్దరూ ఊపిరి పీల్చుకుంటారు. ఇక మూడో గంట. మిగిలిందల్లా పదిహేను మార్కుల వ్యాసరూప ప్రశ్న. నాలుగుసార్లు చదివినా అది ఏ భాషలో ఉందో బోధపడదు. ఇంకా ముప్పై నిమిషాలు ఉండగానే లేచి, జవాబు పత్రం అప్పగించి, నడకకూ పరుగుకూ మధ్యస్థంగా బయటపడతాడు. అంత త్వరగా రాసేశాడంటే ఎంత చదివాడోనని హాలంతా నోరెళ్లబెడుతుంది. భవనం వెనక వెలిగిస్తాడు. మొదటి దమ్ముకే ఆ పదిహేను మార్కుల జవాబు, ఉపశీర్షికలతో సహా, కళ్లముందు కదులుతుంది.

"చూశారా! వెలిగించగానే గుర్తొచ్చింది!" అంటాడు.

చెప్పులు దాచేసి, వాటినే మనకు అద్దెకిచ్చేవాడి వ్యాపారం లాంటిది ఇది. అలవాటుపడ్డ మెదడుకు నికోటిన్ తగ్గగానే చిరాకు పుడుతుంది, ధ్యాస చెదురుతుంది. మళ్లీ పీలిస్తే అవి సర్దుకుంటాయి. పోగొట్టుకున్నది తిరిగొస్తే దాన్ని లాభం కింద జమ వేసుకోవడమే మన పొగరాయుళ్ల లెక్క. అసలు తాగనివాడి బుర్ర ఏ అద్దే కట్టకుండా ఆ మూడు గంటలూ పనిచేస్తుంది. ఇక నికోటిన్ ఉత్తేజకం కనుక నిద్ర ఆలస్యమవుతుంది, పలచబడుతుంది. చదివింది జ్ఞాపకంగా బాగా కుదురుకునేది నిద్రలోనే. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా బలంగా, రక్తంలో ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుందని రసాయనశాస్త్రం విద్యార్థి పరీక్షలో చక్కగా రాస్తాడు. రాసి, బయటికెళ్లి, ప్రయోగం చేస్తాడు.

"తాగితే మార్కులు తగ్గుతాయి" అని గోడపత్రికలు అంటించే కళాశాలలకూ ఒక నమస్కారం. ఊపిరితిత్తులకు మార్కులు వేయరు కనుక వాటి ఊసెత్తరు.

ఇంతకూ మన పండితుడి మహావాక్యానికి ఒక పాత కథ ఉంది. 1954లో డారెల్ హఫ్ అనే అమెరికా రచయిత, గణాంకాలతో అబద్ధాలు ఎలా చెబుతారో సరదాగా వివరిస్తూ ఒక పుస్తకం వెలువరించాడు. అందులో ఒక ఉదాహరణ అచ్చంగా ఇదే: సిగరెట్ తాగే కళాశాల విద్యార్థులకు మార్కులు తక్కువ. మార్కులు తగ్గే తాగుతున్నారేమో, లేక రెండింటికీ మరో కారణం ఉందేమో అని ఆయన అడిగాడు. సరైన ప్రశ్న, మంచి పుస్తకం. సిగరెట్ పురుషుల్లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు కారణమని అమెరికా ప్రభుత్వ ప్రధాన ప్రజారోగ్యాధికారి అయిన సర్జన్ జనరల్ నివేదిక 1964 జనవరిలో తేల్చిచెప్పింది. మరుసటి ఏడాది అదే హఫ్ అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు కూర్చుని, అవే చమత్కారాలతో ఆ లెక్కల మీద సందేహాలు చల్లాడు. ఆ తర్వాత పొగాకు పరిశ్రమ సొమ్ముతో సిగరెట్ గణాంకాలను తూర్పారబట్టే మరో పుస్తకానికి పూనుకున్నాడు. అది అచ్చుకు నోచుకోలేదు.

కనుక నాయనా, నువ్వు స్వతంత్ర మేధావినని మురిసిపోతూ వల్లించే ఆ వాక్యాన్ని నీకంటే ముందు పొగాకు సంస్థలవాళ్లు డబ్బిచ్చి అద్దెకు తీసుకున్నారు. సందేహమే మన సరుకు అని బ్రౌన్ అండ్ విలియమ్సన్ అనే సిగరెట్ సంస్థవాళ్లు 1969 నాటి అంతర్గత పత్రంలో రాసుకున్నారు. 1984లో ఆర్. జె. రేనాల్డ్స్ అనే మరో సిగరెట్ సంస్థ నివేదిక ఇంకా స్పష్టంగా చెప్పింది: పాత వినియోగదారుల స్థానం భర్తీ చేయడానికి యువతే ఏకైక ఆధారమని. భర్తీ! ఆ స్థానాలు ఖాళీ అయ్యేది ఎలాగో ఆలోచించావా? కొందరు మానేసి. మిగిలినవాళ్లు చచ్చిపోయి. మానకుండా తాగుతూ పోయేవారిలో సగంమంది వరకు పొగాకు వల్లే చనిపోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఎవడో ఒకడు దగ్గుతూ దగ్గుతూ ఆసుపత్రి మంచం మీద ప్రాణం వదిలితే, ఆ ఖాళీలో కూర్చోబెట్టడానికి, ఇంకా ఇరవై అయిదేళ్ల దాకా మెదడు ఎదుగుతూ ఉండే పిల్లల్ని లెక్క చూసి ఎంచుకున్నారు. 1994లో ఏడుగురు పొగాకు సంస్థల అధిపతులు కుడిచేతులెత్తి ప్రమాణం చేసి, నికోటిన్ వ్యసనం కలిగిస్తుందని తాము నమ్మడం లేదని అమెరికా కాంగ్రెస్‌కు చెప్పారు. సిగ్గులేని మనుషులు. వాళ్ల అబద్ధాన్ని జీతం లేకుండా మోస్తున్న నిన్ను చూస్తే జాలి పడాలో తిట్టాలో తెలియడం లేదు.

ఇవన్నీ చెబితే కుర్రవాడు కాసేపు మౌనంగా ఉండి, "పరీక్షలయ్యాక మానేస్తాను" అంటాడు. మానేసినవారికి చిరాకు మొదటి వారంలోనే తీవ్రంగా ఉండి, మూడు నాలుగు వారాల్లో చాలావరకు సద్దుమణుగుతుంది. అంత సమయం ఏ సెమిస్టర్‌లోనైనా దొరుకుతుంది. ఏ పరీక్షలయ్యాక అని మాత్రం ఇంకా చెప్పలేదు. మొన్నటివి అయిపోయాయి. మళ్లీ రాయాల్సినవి వచ్చే నెలలో ఉన్నాయట.