బూట్ల రసీదు

అమెరికాలో ఒహాయో రాష్ట్ర రాజధాని కొలంబస్ శివారు. ఆదివారం భోజనాలయ్యాక మొదలైన గొడవ ఇది. మామయ్య రిటైరైన డాక్టరు. ముప్పై ఏళ్ళు దక్షిణ ఒహాయోలో ప్రాక్టీసు చేశారు. ఇప్పుడు అక్కడే, మత్తుమాత్రల నుంచి, ఫెంటనిల్ అనే ప్రాణాంతకమైన మత్తుమందు నుంచి బయటపడుతున్నవాళ్ళు ఉండే ఒక చిన్న రికవరీ హౌస్‌కి బోర్డు మెంబరు. మేనకోడలు రాష్ట్ర ప్రభుత్వంలో గ్రాంట్లు చూసే ఉద్యోగం చేస్తుంది. ఓపియాయిడ్ల (నల్లమందు జాతి నొప్పిమాత్రలు, మత్తుమందులు) బెడద కోసం ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్రానికిచ్చే డబ్బు, రాష్ట్రం నుంచి కౌంటీలకీ ఇలాంటి చిన్న సంస్థలకీ ఎలా వెళ్తోందో చూడటం ఆమె పని. నేను ఇద్దరికీ చుట్టాన్నే. నా మొగ్గు కోడలి వైపని ముందే చెప్పేస్తున్నా.

మామయ్య: మా ఇన్‌వాయిస్‌ని మూడోసారి వెనక్కి పంపారమ్మాయ్. ఎందుకో తెలుసా? ఒక జత బూట్ల కోసం. జైలు నుంచి వచ్చిన కుర్రాడు, ఎనిమిది నెలలుగా మత్తు కోరికని అణిచే మందు బ్యుప్రెనార్ఫిన్ మానకుండా వేసుకుంటున్నాడు. గోడౌన్‌లో పని దొరికింది. ముందు ఇనప రేకున్న బూట్లు లేకపోతే గేటు దాటనివ్వరట. కొనిచ్చాం. బడ్జెట్‌లో రాసుకోలేదు కాబట్టి ఇవ్వం అంటున్నారు.

కోడలు: మీ ఫైలు నా దగ్గరికి రాదు మామయ్యా. మీరు చుట్టమని రాసిచ్చి పక్కన పెట్టించాను.

మామయ్య: చుట్టరికం అక్కరకి రాకపోతే పోనీలే, న్యాయమైనా చెప్పు. వంద డాలర్ల బూట్లు ఎక్కువా, ఆ కుర్రాడు మళ్ళీ రోడ్డు మీద పడటం ఎక్కువా?

కోడలు: బూట్లు తప్పని ఎవరూ అనలేదు. రాసుకోలేదు అన్నారు. బడ్జెట్ మార్పుకి ఒక పేజీ ఫారం ఉంది.

మామయ్య: ఇదిగో, ఫారం! ఇల్లు కాలుతుంటే బిందెలు లెక్కపెట్టే రకం మీరు. 2016 చివర్లో 21వ శతాబ్దపు క్యూర్స్ చట్టం అని తెచ్చి, ఈ బెడద కోసం రాష్ట్రాలకి రెండేళ్ళకి వంద కోట్ల డాలర్లు ఇస్తామన్నారు. రెండేళ్ళు గడిచాక చూస్తే ఏమైంది? ఫెడరల్ ఆరోగ్య శాఖలో తనిఖీలు చేసే ఇన్‌స్పెక్టర్ జనరలే రాశాడు, దాదాపు మూడో వంతు ఖర్చే కాలేదని. దేశమంతా ఫెంటనిల్‌కి జనం రాలిపోతున్న రోజులవి! డబ్బు లేక చచ్చారంటే అర్థం చేసుకుంటాను. డబ్బు ఖాతాలో ఉండగా చచ్చారు. దానికేం చెప్తావ్?

(ఇక్కడ కోడలు కాసేపు మాట్లాడలేదు. ఈ దెబ్బ గట్టిగానే తగిలింది.)

కోడలు: తప్పే. కాకపోతే రిపోర్టులు రాస్తూ కూర్చోవడం వల్ల మిగిలిన డబ్బు కాదది. నర్సుని తీసుకోవాలంటే నోటిఫికేషన్, కౌంటీతో ఒప్పందం కుదరాలంటే వాళ్ళ మీటింగు, టెండరు. పైగా ఏడాది డబ్బుకి ఏడాది ఉద్యోగమే ఇవ్వగలం. పక్క ఊళ్ళో పర్మనెంట్ ఉద్యోగం ఉండగా దీనికి ఎవరొస్తారు?

మామయ్య: ఆ టెండరూ, ఆ నోటిఫికేషనూ మీవి కాక మావా?

కోడలు: మావే. ఒప్పుకున్నా కదా.

మామయ్య: ఇంకోటి కూడా ఒప్పుకో. మీ గ్రాంటు తీసుకున్నందుకు, మనిషి చేరినప్పుడు ప్రశ్నలు, ఆరు నెలలకి మళ్ళీ ప్రశ్నలు, బయటికెళ్ళేటప్పుడు మళ్ళీ. వందలో ఎనభై మందిని ఆరు నెలలకి పట్టుకుని తీరాలని టార్గెట్. ఫోనే లేనివాడిని, రోజుకో సోఫా మీద పడుకునేవాణ్ణి ఎక్కడ పట్టుకోను? మా హౌస్‌లో పనిచేసేది నలుగురు. అందులో ఒకమ్మాయి వారానికి రెండు రోజులు ఈ ప్రశ్నాపత్రాలతోనే సరి. ఆ రెండు రోజులూ ఆమె కౌన్సెలింగ్ చేస్తే ఎంత బావుండేది! మత్తుమందు వాడలేదని పరీక్షల్లో తేలినవాళ్ళకి చిన్న బహుమతులిస్తే పనిచేస్తుందని ఎప్పుడో రుజువైంది. దానికీ మనిషికి ఏడాదికి 75 డాలర్లు దాటకూడదని ఏళ్ళ తరబడి పట్టుకూర్చున్నారు.

కోడలు: అది పెంచారుగా.

మామయ్య: పెంచారు, ఎప్పటికి!

కోడలు: సరే, ఇప్పుడు నేను చెప్పేది పూర్తిగా వినండి, మధ్యలో లేవకండి. మీరు ఫారం అంటున్నదాంట్లో ఒక షరతు చెప్తాను. ఉత్త డీటాక్స్ చేసి ఇంటికి పంపేస్తే ఈ గ్రాంటు డబ్బు రాదు. చేస్తే దాని వెంట మత్తు ఎక్కనివ్వకుండా ఎక్కువకాలం పనిచేసే నాల్‌ట్రెక్సోన్ ఇంజెక్షన్ ఉండాలి. ఎందుకు పెట్టారో నాకంటే మీకే బాగా తెలుసు. వారం రోజులు ఒళ్ళు శుభ్రం చేసి పంపితే, ఆ మనిషికి అలవాటు బలం పోతుంది, కోరిక పోదు. పాత మోతాదే వేసుకుంటాడు, ఊపిరి ఆగుతుంది. అయినా డీటాక్స్ పేరుతో మంచాలు నింపి, మూడు వారాలకి అదే మనిషిని మళ్ళీ చేర్చుకుని, రెండోసారి బిల్లు వేసే చోట్లు లేవా? అలాంటివాళ్ళని ఆపింది మీరు తిడుతున్న ఆ పేజీయే. ఇక ఆరు నెలల ఫాలోఅప్. మేం చూసే ఒక సంస్థలో, కనపడకుండా పోయిన అతని కోసం ప్రశ్నాపత్రం పట్టుకుని వెతుకుతూ వెళ్తే కౌంటీ జైల్లో తేలాడు. లోపల అతని చికిత్స మందు ఆపేశారు. ఆ వెతుకులాట లేకపోతే అతను బయటికొచ్చిన రోజు ఎవరికీ తెలిసేది కాదు. ప్రశ్నలు ఎక్కువే, సగం తీసేసినా నాకు సంతోషమే. కానీ వెతకడం మాత్రం దండగ కాదు మామయ్యా. వెతకడం కూడా వైద్యమే.

మామయ్య: ఒక్కడి కథ చెప్పి...

కోడలు: మీరు బూట్ల కథ చెప్పలేదూ? ఇంకా ఉంది వినండి. మీరు ప్రాక్టీసు చేసిన సయోటో కౌంటీ. 2010లో ఆ ఒక్క కౌంటీలో చేతులు మారిన నొప్పిమాత్రలు దాదాపు 97 లక్షలు. జనాభా ఎనభై వేలు కూడా లేదు. చంటిపిల్లలతో సహా తలకి 120 పైనే. ఈ అంకె ఎక్కడిదనుకున్నారు? రాష్ట్రం 2006లోనే పెట్టుకున్న ప్రిస్క్రిప్షన్ల రికార్డుల్లోది. అంకె కళ్ళ ముందే ఉంది. చదివి, ఇదేంటని అడిగే బాధ్యత ఎవరికీ లేదు. 2011లో వాటికి కళ్ళెం వేసే 93వ నంబరు బిల్లు వచ్చేదాకా ఆ కౌంటీ ముఖ్య పట్టణం పోర్ట్‌స్మత్‌లో, అడిగినవాళ్ళకల్లా మాత్రలు రాసిచ్చే క్లినిక్కులు తలుపులు బార్లా తెరుచుకునే ఉన్నాయి. లెక్క అడిగితే మీకు చిరాకు. లెక్క అడగనప్పుడు ఏం జరిగిందో మీ ఊరే చూసింది. అసలు ఆ మాత్రలు రాసిందెవరు?

మామయ్య: ఏమన్నావ్?

కోడలు: మిమ్మల్ని అనలేదు. డాక్టర్లని అన్నాను.

మామయ్య: నేనూ డాక్టర్నే. మాకు నేర్పిందేంటో తెలుసా? నాడి, బీపీ, టెంపరేచర్, శ్వాస, వాటి పక్కన నొప్పి ఐదోది అని నేర్పారు. పేషెంటు నొప్పి అంటే నమ్మకపోవడం పాపమన్నారు. 1996లో ఆక్సీకాంటిన్ అనే నొప్పిమాత్ర వచ్చింది. దానికి అలవాటుపడటం అరుదని కంపెనీ మనుషులు చెప్పారు. అబద్ధమాడామని ఆ కంపెనీ కోర్టులో ఒప్పుకున్నది 2007లో. అప్పటికి మా వీధిలో ఎన్ని ఇళ్ళు... నేను ఆ క్లినిక్కుల మొహం చూడలేదు. కానీ రాశాను. అందరిలాగే నేనూ రాశాను.

(అత్తయ్య కాఫీ తెచ్చి పెట్టింది. ఎవరూ ముట్టుకోలేదు.)

మామయ్య: అయినా నీతులు చెప్పకు. మన తెలుగువాళ్ళ పిక్నిక్‌లో, మోతాదు మించి ఊపిరి ఆగుతున్నవాళ్ళని బతికించే మందు నాలోక్సోన్ డబ్బా పెడదామంటే ఏమైంది?

కోడలు: అది పెడదామన్నది నేను! వద్దన్నది మీ కమిటీ. "మన పిల్లలకి అలాంటివి లేవమ్మా" అన్నారు.

మామయ్య: కమిటీ వేరు, నేను వేరు.

కోడలు: కమిటీలో మీరున్నారు. చెయ్యెత్తారు కూడా.

మామయ్య: ఎత్తానా?

కోడలు: వద్దు అనేవైపే.

(ఈ ముక్క మీద పావుగంట పోయింది. ఎవరబ్బాయి కాలేజీలో ఏం చేశాడు, ఎవరు దాచారు, దాచినవాళ్ళని ఎవరు వెనకేసుకొచ్చారు. అవన్నీ ఇక్కడ రాయను.)

మామయ్య: సరే, ఆ సంగతి వదిలెయ్. రాష్ట్రం చేతికి డబ్బివ్వడం మీదే నాకు నమ్మకం లేదు. 1998లో సిగరెట్ కంపెనీలు రాష్ట్రాలకి కడతామని ఒప్పుకున్న పొగాకు సెటిల్‌మెంట్ డబ్బుతో ఇక్కడొక ఫౌండేషన్ పెట్టారు, జనం చేత సిగరెట్ మాన్పించడానికి. 2008లో దాన్ని మూసేసి, మిగిలిన డబ్బు వేరే పనులకి మళ్ళించింది ఇదే కొలంబస్. ఇప్పుడు మందుల కంపెనీల నుంచి ఓపియాయిడ్ సెటిల్‌మెంట్ వస్తోంది. అందులో 55 శాతం రాష్ట్రానికి కాకుండా వన్ఒహాయో ఫౌండేషన్‌కి ఇచ్చారు, 30 శాతం ఊళ్ళకీ కౌంటీలకీ. మంచి పని చేశారు. ఊరి సంగతి ఊరివాళ్ళకే తెలుస్తుంది. నాలోక్సోన్ పంచే ప్రాజెక్ట్ డాన్ 2012లో మొదలైంది మా పోర్ట్‌స్మత్‌లో కాదూ?

కోడలు: రాష్ట్ర ఆరోగ్య శాఖ వెనకుండి మొదలుపెట్టించింది. సగం చెప్పకండి. పొగాకు సంగతి మాత్రం మీరన్నట్టే, మా వాళ్ళకి సిగ్గుచేటు. కానీ ఆ వన్ఒహాయో ఫౌండేషన్ సంగతీ చూడండి. రికార్డులు చూపించమంటే మాది ప్రైవేటు సంస్థ అన్నారు. 2023లో ఒహాయో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, చూపించాల్సిందే అనిపించుకోవాల్సి వచ్చింది. అదే ఏడాది శాసనసభ చట్టం మార్చి వాళ్ళకి మినహాయింపు ఇచ్చేసింది. ఊరివాళ్ళ చేతిలో ఉన్న డబ్బుకి లెక్క అడగనక్కర్లేదా?

మామయ్య: అడగండి. ఎవరొద్దన్నారు? ముందు డబ్బివ్వండి, తర్వాత అడగండి. మేం ముందు ఖర్చుపెట్టి, మూడు నెలలకి మీరిచ్చేదాకా జీతాలు ఎక్కణ్ణుంచి తేవాలి? పెద్ద ఆసుపత్రికి బ్యాంకులో నిల్వ ఉంటుంది. మాకు గ్యాసు బిల్లుకే టెన్షన్. మీ నిజాయితీ పరీక్షలో డబ్బున్నవాడే పాసవుతాడు.

కోడలు: ఇది మాత్రం మీరు నూటికి నూరుపాళ్ళు కరెక్ట్. కానీ అడ్వాన్సు ఇవ్వకూడదని ఫెడరల్ రూల్లో లేదు. చిన్న సంస్థ లెక్కలు సరిగ్గా పెట్టుకుంటే ముందే ఇవ్వొచ్చు. ఆఫీసులకి అలవాటు లేక, రీయింబర్స్‌మెంటే దారి అన్నట్టు నడిపిస్తున్నారు. మీరు అడ్వాన్సు కావాలని రాతపూర్వకంగా అడిగారా?

మామయ్య: ఉందని తెలిస్తేగా అడగడానికి. ఇది ముందు చెప్పొచ్చుగా!

కోడలు: మీరు గంటన్నర నుంచీ బూట్ల గురించే కదా మాట్లాడుతున్నారు.

మామయ్య: ఆ బూట్ల డబ్బు నా జేబులోంచే పోయిందిలే.

కోడలు: బడ్జెట్ మార్చాక మళ్ళీ పెట్టి చూడొచ్చు. తేదీలు చూసి, కుదిరితే ఇస్తారు. రసీదు ఉందా?

మామయ్య పర్సు తీశారు. పాత బస్సు టికెట్, మనవరాలి ఫొటో, రెండు కాగితం ముక్కలు. ఒకటి పెట్రోలుది. రెండోదాన్ని కళ్ళజోడు పైకెత్తి చూసి, అత్తయ్య వైపు తిరిగారు.

"ఆ నీలం చొక్కా ఉతికేశావా?"