ఖాళీ మెమరీ లెక్క గెస్ట్‌కే తెలుసు

గెస్ట్ (వర్చువల్ మెషీన్) ఎంత మెమరీ వాడుతోందో హోస్ట్‌లోని (దానిని నడిపే అసలు కంప్యూటర్‌లోని) క్యూఈఎమ్‌యూ అనే వర్చువలైజేషన్ సాఫ్ట్‌వేర్ ప్రాసెస్ పరిమాణాన్ని బట్టి చెప్పవచ్చని ఒక వ్యాసంలో రాసిన మాటతో ఏకీభవించలేను. గెస్ట్ ఒకసారి వాడిన పేజీని (మెమరీలో ఒక చిన్న భాగాన్ని) తర్వాత విడిచిపెట్టినా ఆ సంగతి హోస్ట్‌కు తెలియదు కనుక, ఆ అంకె పెరగడమే తప్ప తగ్గడం అరుదు. అసలు లెక్క గెస్ట్ లోపల ఉండి దాని మెమరీ వివరాలను హోస్ట్‌కు పంపే వర్ట్‌ఐఓ బెలూన్ డ్రైవర్ ద్వారా రావాలి. అయితే వర్చువల్ మెషీన్లను నిర్వహించే లిబ్‌వర్ట్‌లో గణాంకాలను ఎంత సేపటికోసారి సేకరించాలో నిర్ణయించకపోతే పాత అంకెలే కనిపిస్తూ ఉంటాయి (చాలామంది తికమకపడేది ఇక్కడే). వచ్చిన వాటిలోనూ ‘అన్‌యూజ్డ్’ కంటే ‘యూజబుల్’ అంకెనే నమ్మాలి, ఎందుకంటే అవసరమైనప్పుడు వెనక్కి తీసుకోగల డిస్క్ క్యాష్‌ను (డిస్క్ నుంచి చదివి మెమరీలో ఉంచుకున్న డేటాను) మొదటిది ఖాళీగా లెక్కించదు. 2020లో వచ్చిన లినక్స్ 5.7 నుంచి ఖాళీ పేజీలను గెస్టే హోస్ట్‌కు తెలియజేసే సదుపాయం ఉంది. దానిని బెలూన్ పరికరానికి విడిగా ఆన్ చేయాలి.