బ్లూటూత్ మెదడును ఉడికించదు, వాల్యూమ్ మాత్రం చెవిని తినేస్తుంది

కొత్తగా వైర్‌లెస్ హెడ్‌ఫోన్ కొన్నవాళ్లకు ఎవరో ఒకరు తప్పకుండా పంపే సందేశం ఒకటుంది. చిన్న చిన్న మార్పులతో ఏళ్ల తరబడి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. దాని సారం ఇది: బ్లూటూత్ అంటే మైక్రోవేవ్ ఓవెన్ తరంగమే, మెదడు ఉడుకుతుంది, క్యాన్సర్ వస్తుంది, రెండొందల మందికి పైగా శాస్త్రవేత్తలు నిషేధించమన్నారు. నాయిస్ క్యాన్సిలింగ్ (బయటి మోతను తగ్గించే ఏర్పాటు) చెవిలోకి రెండో శబ్దాన్ని పంపి కర్ణభేరి మీద భారం రెట్టింపు చేస్తుంది. చెవిని పూర్తిగా మూసేసే క్లోజ్డ్ బ్యాక్ రకం అన్నిటికన్నా ప్రమాదం. పైగా బ్లూటూత్‌లో సగం పాట పోతుంది, డ్రైవర్ (లోపలి స్పీకర్) పెద్దదైతేనే బాస్ వస్తుంది, వంద గంటలు మోగిస్తే గాని అసలు సౌండ్ బయటపడదు, మొదటిసారి ఎనిమిది గంటలు చార్జింగ్ పెట్టాలి. చివర్లో, “తప్పదనుకుంటే వైరు ఇయర్‌ఫోన్లే వాడండి” అని సలహా.

ఈ మధ్య నేను సోనీ డబ్ల్యూహెచ్-1000ఎక్స్ఎం5 తీసుకున్నాను. అది కూడా చెవులను పూర్తిగా కప్పే, వెనక మూసి ఉండే రకమే. కాబట్టి సందేశంలోని మాటలను పక్కన పెట్టుకునే దాన్ని వాడి చూశాను. అందులో నిజం పాలు చాలా తక్కువ. అంతకంటే బాధ కలిగించే విషయం, చెవికి నిజంగా హాని చేసే దాని గురించి అందులో ఒక్క ముక్క కూడా లేదు.

“మైక్రోవేవ్ తరంగమే, మెదడు ఉడుకుతుంది.”

తరంగం ఒకటే అన్న మాట నిజం. బ్లూటూత్, వైఫై, మైక్రోవేవ్ ఓవెన్ మూడూ 2.4 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కలే పని చేస్తాయి. కానీ వేడి పుట్టించేది తరంగం పేరు కాదు, దాని శక్తి. వంటింట్లో ఓవెన్ దాదాపు 800 వాట్ల శక్తిని ఇనుప పెట్టె లోపల బంధించి అన్నం మీద గుమ్మరిస్తుంది. హెడ్‌ఫోన్లలో సాధారణంగా వాడే క్లాస్ 2 బ్లూటూత్‌కు గరిష్ఠ పరిమితి 2.5 మిల్లీవాట్లు. అంటే మూడు లక్షల రెట్లు తక్కువ, అదీ ఒకేచోటికి గురిపెట్టకుండా అన్ని వైపులకూ చెదిరిపోతుంది. మరో పోలిక కూడా చూడాలి. 4జీ ఫోను సిగ్నల్ సరిగా అందనప్పుడు 200 మిల్లీవాట్ల వరకు వాడుతుంది. ఫోను చెవికి ఆనించి గంటసేపు మాట్లాడే మనిషి, ఫోను బల్లమీద పెట్టి బ్లూటూత్‌లో మాట్లాడితే తలకు తగిలే రేడియో శక్తి పెరగదు, తగ్గుతుంది. ఫోన్లకు మన దేశంలో 2012 సెప్టెంబరు నుంచి కిలోకు 1.6 వాట్ల ఎస్ఏఆర్ (శరీరం పీల్చుకునే రేడియో శక్తి) పరిమితి ఉంది. చాలా ఫోన్లలో స్టార్, హాష్, 07, హాష్ నొక్కితే మీ ఫోను ఎస్ఏఆర్ విలువ కనిపిస్తుంది.

ఇక క్యాన్సర్. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2011లో రేడియో తరంగాలను 2బి వర్గంలో చేర్చింది. సందేశం రాసేవాళ్లు పట్టుకునేది దీన్నే. 2బి అంటే “క్యాన్సర్ తెస్తుందని తేలింది” అని కాదు. ఆధారాలు పరిమితం, అవకాశాన్ని పూర్తిగా కొట్టివేయలేం అని. ఊరబెట్టిన కూరగాయల్లో ఒక రకం, కలబంద ఆకు మొత్తం నుంచి తీసిన సారం కూడా అదే వర్గంలో ఉన్నాయి. “రెండొందల మందికి పైగా శాస్త్రవేత్తలు వైర్‌లెస్ ఇయర్‌ఫోన్లను నిషేధించమన్నారు” అన్న వాక్యానికి మూలం 2015 నాటి ఒక విజ్ఞప్తి. అది సెల్ టవర్ల నుంచి వైఫై దాకా విద్యుదయస్కాంత క్షేత్రాలన్నిటి గురించి రాసింది. ఆపిల్ ఎయిర్‌పాడ్స్ మార్కెట్లోకి వచ్చిందే 2016 డిసెంబరులో. ఆ పాత కాగితాన్ని 2019లో కొన్ని వార్తలు కొత్త ఇయర్‌ఫోన్లకు ముడిపెట్టాయి. అక్కడి నుంచి అది మన గ్రూపుల్లోకి చేరింది.

“నాయిస్ క్యాన్సిలింగ్ వల్ల చెవి మీద రెట్టింపు భారం.”

ఇది ఉన్నదాన్ని పూర్తిగా తిరగేసి చెప్పడమే. శబ్దం అంటే గాలిలో ఒత్తిడి పెరగడం, తగ్గడం. హెడ్‌ఫోన్ మీదున్న మైకులు (ఎక్స్ఎం5లో మొత్తం ఎనిమిది ఉన్నాయి) బయటి మోతను పసిగడితే, ఒత్తిడి పెరిగే చోట తగ్గేలా, తగ్గే చోట పెరిగేలా లోపలి చిప్ ఒక తరంగాన్ని తయారుచేసి స్పీకర్ ద్వారా పంపుతుంది. రెండూ చెవి దగ్గర కలిసినప్పుడు ఒకదాన్ని ఒకటి తగ్గించుకుంటాయి. కర్ణభేరికి అందేది మిగిలిన కొద్దిపాటి ఒత్తిడి మాత్రమే. రెండు శబ్దాలు కూడి రెట్టింపైతే మనకు మోత ఎక్కువ వినబడాలి కదా! బటన్ నొక్కగానే గదిలో ఫ్యాన్ మోత మాయమవుతోందంటే చెవి మీద భారం తగ్గిందనే.

నాకు కలిగిన మొదటి అనుభవం కూడా ఇదే. సీలింగ్ ఫ్యాను, కూలరు, కింద రోడ్డు మీద ఆగి ఉన్న లారీ ఇంజను అన్నీ ఒక్కసారిగా వెనక్కి తగ్గిపోయాయి. వంటింట్లో కుక్కర్ విజిల్ మాత్రం వినబడుతూనే ఉంది. పక్క గదిలో మాటలు పలచగా వినిపించాయి. అది లోపం కాదు, భౌతికశాస్త్రం. వంద హెర్ట్జ్ మోతకు తరంగం పొడవు మూడు మీటర్లకు పైనే, కాబట్టి ఎదురు తరంగాన్ని దానితో సరిగ్గా కలపడం తేలిక. నాలుగైదు వేల హెర్ట్జ్ విజిల్‌కు ఆ పొడవు ఏడెనిమిది సెంటీమీటర్లే, వెంట్రుకవాసి తేడా వచ్చినా లెక్క తప్పుతుంది. అందుకే ఇలాంటి కీచు శబ్దాలను ఆపే పని చెవి చుట్టూ ఉండే మెత్తలదీ, మూసి ఉన్న కప్పులదీ.

ఈ ఆలోచన ఇవాళ్టిది కాదు. పాల్ లూగ్ అనే జర్మన్‌కు 1936లోనే అమెరికాలో దీని మీద పేటెంట్ వచ్చింది. హెడ్‌ఫోన్‌లోకి దీన్ని తెచ్చిన అమర్ బోస్, బెంగాల్ నుంచి అమెరికా వెళ్లిన ఒక స్వాతంత్ర్య సమరయోధుడి కొడుకు. 1978లో విమానంలో వస్తూ ఇంజను హోరులో పాట వినలేక దీని లెక్కలు మొదలుపెట్టాడు. 1989లో ఆయన సంస్థ పైలట్ల కోసం హెడ్‌సెట్ తెచ్చింది. రోజంతా ఇంజను మోతలో కూర్చునేవాళ్ల చెవులు కాపాడటానికి పుట్టిన పరికరం ఇది.

ఒక్క విషయం ఒప్పుకోవాలి. ఆన్ చేయగానే కొందరికి విమానం పైకి లేచినప్పటిలా చెవి బిగిసినట్టు ఉంటుంది. అలవాటైన లోతు మోత ఒక్కసారిగా పోయినప్పుడు కలిగే భావన అది, చెవి లోపల గాలి ఒత్తిడి నిజంగా మారదు. అయినా ఎవరికైనా తల భారంగా ఉంటే ఆఫ్ చేసుకోవాలి, లేదా తక్కువ స్థాయిలో పెట్టుకోవాలి. బలవంతంగా భరించాల్సిన పని లేదు.

అసలు ఈ సందేశం మీద నాకు కోపం వచ్చేది ఇక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 40 గంటలు 80 డెసిబెల్ వరకు ఫరవాలేదు. పిల్లలకు అది 75. ప్రతి 3 డెసిబెల్ పెరుగుదలకూ ఆ సమయం సగం అవుతుంది: 83కు 20 గంటలు, 86కు 10, 89కు 5. ఇప్పుడు బస్సునే తీసుకోండి. ఇంజను మోత, హారన్లు కలిసి 80 డెసిబెల్ దగ్గరకు సులువుగా చేరతాయి. పాట వినబడాలంటే దాని మీదికి వాల్యూమ్ పెంచాలి, పెంచుతారు కూడా. లోపలి చెవిలో వెంట్రుకల్లాంటి కణాలు చచ్చిపోతే మళ్లీ మొలవవు. ముందుగా పోయేది 4 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల వినికిడి, అంటే స, ష, ఫ లాంటి ధ్వనుల స్పష్టత. బయటి మోత తగ్గించి, పాటను తక్కువ వాల్యూమ్‌లో వినగలిగేలా చేసే సాధనాన్నే ప్రమాదమని ప్రచారం చేస్తే, జనం చేసేదేమిటి? వాల్యూమ్ పెంచుతారు.

“క్లోజ్డ్ బ్యాక్ ప్రమాదం.”

రోడ్డు దాటేటప్పుడు, బండి నడిపేటప్పుడు నూటికి నూరుపాళ్లు ప్రమాదం. వెనక లారీ హారన్ వినబడకపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఇంట్లో, రైల్లో, ఆఫీసులో కాదు. మూసి ఉన్న కప్పులు లోపలి పాటను బయటికి పోనివ్వవు, బయటి మోతను లోపలికి రానివ్వవు. రికార్డింగ్ థియేటర్లో గాయకులకు, డబ్బింగ్ కళాకారులకు ఈ రకమే ఇచ్చేది అందుకే. వెనక తెరిచి ఉండే రకం పెడితే చెవిలోని ట్రాక్ మైకులోకి పాకుతుంది.

ఈ రకానికున్న నిజమైన ఇబ్బంది వేరు. మే నెలలో విజయవాడలో ఫ్యాన్ లేని గదిలో దీన్ని పెట్టుకుంటే చెవుల చుట్టూ చెమట పడుతుంది. ఆ చెమట తుడవకపోతే కృత్రిమ తోలు మెత్తలు కాలక్రమంలో పొరలు పొరలుగా ఊడతాయి. వాడాక పొడి బట్టతో తుడిచి గాలి తగలనివ్వాలి.

“సగం పాట పోతుంది, డ్రైవర్ పెద్దదే కావాలి.”

సీడీ సెకనుకు 1,411 కిలోబిట్లు. బ్లూటూత్‌లో పాటను కుదించి పంపే పద్ధతులను కోడెక్‌లంటారు. వాటిలో తప్పనిసరిగా ఉండే ఎస్‌బీసీ మంచి నాణ్యతలో 328, ఎల్‌డీఏసీ అత్యధికంగా 990. ఈ అంకెలు చూసి పాటలో మూడొంతులు పోయిందనుకోవడం పొరపాటు. చెవి ఎలాగూ పట్టుకోని భాగాలను ముందుగా కుదించడమే కోడెక్ పని. అసలు మనం యాప్‌లో వినే పాటలు చాలావరకు ముందే కుదించినవి. తేడా నిజంగా వినబడేది ఇంకోచోట. ల్యాప్‌టాప్‌లో మీటింగ్ మొదలై హెడ్‌ఫోన్ మైకు ఆన్ కాగానే చాలా సిస్టమ్‌లలో పాత కాల్ పద్ధతికి మారిపోతుంది, పాట పాత ల్యాండ్‌లైన్‌లో విన్నట్టు అవుతుంది. కొన్న మొదటి రోజే మీటింగ్‌లో పెట్టి “సౌండ్ దారుణం” అని తిరిగి పంపేసేవాళ్లున్నారు. ల్యాప్‌టాప్ మైకును ఎంచుకుంటే చాలు, హెడ్‌ఫోన్ మళ్లీ మామూలవుతుంది.

డ్రైవర్ సంగతి సోనీయే తేల్చింది. 2020 నాటి ఎక్స్ఎం4లో 40 మిల్లీమీటర్ల డ్రైవర్, 2022 నాటి ఎక్స్ఎం5లో 30. అయినా బాస్ లోటనిపించలేదు. వెనక మూసి ఉండే హెడ్‌ఫోన్‌లో బాస్‌ను నిర్ణయించేది మెత్త చర్మానికి ఎంత బాగా అతుక్కుందన్నది, లోపలి ట్యూనింగ్. నా కళ్లజోడు కాడ కింద సన్నటి సందు పడినా కింది స్వరం వెంటనే పలచబడింది. కాడను కొంచెం పైకి జరిపితే తిరిగొచ్చింది. పెద్ద కమ్మలు, మెత్త కింద ఇరుక్కున్న జుట్టు కూడా ఇదే చేస్తాయి. “బాస్ లేదు” అని తీర్పు చెప్పేముందు ఇది చూసుకోవాలి.

వంద గంటల సంగతి తక్కువలో చెప్పవచ్చు. మెత్తలు వాడకంతో కాస్త మెత్తబడతాయి, మన చెవి కొత్త స్వరానికి అలవాటు పడుతుంది. డ్రైవర్‌లో వచ్చే మార్పు కంటే, హెడ్‌ఫోన్ తీసి మళ్లీ పెట్టుకోవడంలో వచ్చే తేడా ఎక్కువ. నచ్చకపోతే వాపసు గడువు దాటేదాకా పింక్ నాయిస్ అనే హోరు మోగిస్తూ కూర్చోకండి. ఎనిమిది గంటల చార్జింగ్ నికెల్ బ్యాటరీల కాలం నాటి మాట. ఇప్పటి హెడ్‌ఫోన్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీలు 1991 నుంచీ మార్కెట్లో ఉన్నాయి, వాటికి ఆ అవసరం లేదు. వాటికి పడనిది ఎండలో కారులో వదిలేయడం, నెలల తరబడి సున్నాలో ఉంచడం.

“వైరు ఇయర్‌ఫోన్లే వాడండి.”

వైరులో తప్పేమీ లేదు. కానీ బయటి మోతను ఏమాత్రం ఆపని చవక రకం పెట్టుకుని సిటీ బస్సులో కాలేజీకి వెళ్లే పిల్లల్ని చూడండి. పక్క సీట్లోవాళ్లకు పాట పల్లవి స్పష్టంగా వినబడుతుంటుంది. రేడియో తరంగం లేదు కాబట్టి క్షేమమని ఇంట్లోవాళ్లు నిశ్చింతగా ఉంటారు. చెవికి వైరు తేడా తెలియదు, డెసిబెల్ తేడానే తెలుస్తుంది.

కాబట్టి పిల్లలకు ఏది కొనిచ్చినా, కొన్న రోజే ఒక పని చేయండి. ఐఫోన్‌లో సెట్టింగ్స్‌లో సౌండ్స్ విభాగంలోని హెడ్‌ఫోన్ సేఫ్టీకి వెళ్లి పెద్ద శబ్దాన్ని తగ్గించే ఆప్షన్ ఆన్ చేసి, పిల్లలకు అక్కడున్న అతి తక్కువ పరిమితి 75 డెసిబెల్ దగ్గర ఉంచండి. సామ్‌సంగ్ గెలాక్సీ లాంటి కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో మీడియా వాల్యూమ్ లిమిట్ అనే ఆప్షన్ ఉంటుంది, దానికి పిన్ కూడా పెట్టవచ్చు. పాట ఆపాక కూడా చెవిలో గుయ్‌మంటుంటే, టీవీ సౌండ్ పెంచమని అడుగుతుంటే ఆలస్యం చేయకుండా ఈఎన్‌టీ డాక్టర్ దగ్గర ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించండి.