పిచ్చుకల పేరు చెప్పి పావురాలకు పళ్లెం పరిచిన ఫీడర్ గారికి

శ్రీయుత ప్లాస్టిక్ బర్డ్ ఫీడర్ గారికి,

విజయవాడ, పటమటలోని ఒక మిద్దె తోట నుంచి నమస్కారములు. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి గానీ, తమరు కుశలంగా లేరు. నిన్న మధ్యాహ్నం వాన పట్టుమని పావుగంట పడలేదు. వెలిశాక చూస్తే తమరి పళ్లెంలో అంగుళం నీళ్లు, అందులో ఉబ్బిన కొర్రలు, కొర్రల మీద రెట్ట, ఆ పైన రెండు పావురాలు. ఒకటి తమరి అంచు మీద, రెండోది మొదటిదాని వీపు మీద. తమరి అట్టపెట్టె మీద బొమ్మ మాత్రం పిచ్చుకది.

ఈ ఉత్తరం ఆ పళ్లెం గురించే. మిగతావి మధ్యలో తగిలితే తగులుతాయి.

తమరి నిర్మాణం చెప్పుకోడానికి బాగానే ఉంటుంది. పైన బోర్లించిన సీసా, మూతి దగ్గర సందులు, చుట్టూ ఆరంగుళాల పళ్లెం. కింద తిన్న కొద్దీ పైనుంచి గింజ జారుతుంది. కానీ పిచ్చుక బరువు పాతిక, ముప్పై గ్రాములు. దాని కాలు ఆనడానికి చిటికెన వేలంత పుల్ల చాలు. అంత పళ్లెం కావలసింది మూడొందల గ్రాముల పావురానికి. అది గింజ ఏరుకోదు. ముక్కుతో అటూ ఇటూ ఊడ్చి, దొరికింది మింగి, మిగతాది కింద పారబోస్తుంది. పారబోసిన మేరా తమరు పైనుంచి మళ్లీ నింపుతారు. పెళ్లి భోజనాల్లో కూడా ఇంత మర్యాదగా మారు వడ్డించరు. వారానికోసారి నింపితే చాలన్నారు. పొద్దున ఆరింటికి పోసిన కిలో కొర్రలు టిఫిన్ల వేళకి కింది వాళ్ల ఏసీ మీద ఉంటున్నాయి.

పొరపాటున పిచ్చుకే వచ్చిందనుకోండి, అప్పుడూ పళ్లెమే అడ్డం. పిచ్చుక గింజని వలిచి, పప్పు తిని, పొట్టు అక్కడే వదిలేస్తుంది. రెండు పూటల్లో పళ్లెం కళకళలాడుతుంది, నిండా ఊకతో. మేత ఇంకా ఉందిగా అని మనం ఊరుకుంటాం, అది వచ్చి చూసి వెళ్లిపోతుంది. దగ్గరికెళ్లి ఉఫ్ మని ఊదితే గానీ సంగతి బయటపడదు.

పోనీ ఒక్క చిల్లైనా పెట్టారా? పూలకుండీకి చిల్లుంటుంది, ఇడ్లీ రేకుకి ఉంటుంది. జూన్‌లో తొలకరి మొదలైతే నవంబరు తుపాన్ల దాకా వదలని ఊరికి అమ్ముడుపోయిన తమరికి లేదు. తడిసిన కొర్ర ఉబ్బి సందుకి బిరడాలా దిగుతుంది. పైగింజ కిందికి రాదు. లోపలి ఉక్కకి రెండో రోజుకే పుల్లవాసన, ఆ తరవాత బూజు. బూజు గింజ తింటే పిట్ట జబ్బున పడుతుంది. కడుగుదామంటే సీసా మూతిలో నాలుగు వేళ్లు కూడా పట్టవు.

బాగుచేయలేమా అంటే చేయొచ్చు. కాల్చిన మేకుతో పళ్లేనికి అయిదారు చిల్లులు పొడవాలి. అంచు అరంగుళం ఉంచి మిగతాది కోసేయాలి. అంగుళంన్నర కన్నాల ఇనప మెష్‌తో చుట్టూ బుట్ట కట్టాలి, బుట్టకీ పళ్లేనికీ మధ్య జానెడు ఎడం ఉండాలి, లేకపోతే పావురం మెడ చాచి తినేస్తుంది. రోజుకి రెండు గుప్పిళ్లకు మించి పోయకూడదు. అంటే తమరిని సగం కోసి, మిగిలిన సగాన్ని జైల్లో పెట్టి, రేషన్ ఇస్తే తమరు పనికొస్తారు. సంతోషం.

తమరితో వచ్చిన నైలాన్ దారం పిట్టల కాళ్లకి ఉరి. దాని బదులు జీఐ తీగ వాడుకుంటాం. ఉచితంగా ఇచ్చిన గూడు పెట్టెకి రెండంగుళాల కన్నం ఎందుకో? పిచ్చుకకి 32 మిల్లీమీటర్లు చాలు, అంతకన్నా పెద్దదైతే గోరువంక కాపురం పెడుతుంది. కన్నం కింద ఆ పుల్ల కాకి కూర్చోడానికి. ఇక 2010 నుంచి ఏటా మార్చి 20న పిచ్చుకల దినం పేరుతో తమరిని పంచిపెట్టి ఫొటోలు దిగే పెద్దలు, ఆ సాయంత్రమే మందారకి పిండినల్లి మందు కొట్టిస్తారు. పిచ్చుక పిల్లకి మొదటి రోజుల్లో కావలసింది గింజ కాదు, పురుగు.

అసలు నువ్వెవరయ్యా? అవును, నువ్వే. ఎంత సేపని తమరు తమరు అనను? నువ్వు పుట్టకముందే ఈ జిల్లాల్లో పిచ్చుకకి మేత పెట్టడం తెలుసు. సార్వా వరి కోతల్లో, నూర్పిడికి ముందే, అడుగు పొడవు గడ్డి ఉంచి రెండు గుప్పిళ్ల కంకులు తీసి పెట్టుకునేవాళ్లు. నీడన రెండు రోజులు ఆరబెట్టి, కట్టే ముందు గడ్డి కొసలు పది నిమిషాలు నీళ్లలో నానబెడితే పుటుక్కున విరగవు. బిగించి కట్టి, కంకులు కిందికి వేలాడేలా వసారా చూరుకి తగిలిస్తే కుచ్చు. పళ్లెం లేదు, నీళ్లు నిలవవు, చూరు కింద వాన తగలదు. పిచ్చుక కంకి పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ వడ్లు ఒలుచుకుంటుంది. గిజిగాడు కూడా వస్తాడు. పావురం రెండుసార్లు ఎగిరొచ్చి, కాలు నిలవక, రెక్కలు టపటపలాడించి వెళ్లిపోతుంది. అప్పుడప్పుడూ రామచిలుక వచ్చి కంకికి కంకే కొరుక్కుపోతుంది. 2018 నుంచి రాష్ట్ర పక్షి కదా, ఎవరడుగుతారు? గింజలయ్యాక గడ్డి కూడా మిగలదు, గూటికి పట్టుకుపోతాయి. జాగ్రత్తపడాల్సింది ఒక్కటే, చివరి మందు కొట్టి ఎన్నాళ్లయిందో రైతుని అడిగి తెచ్చుకోవాలి. విత్తనాల కొట్లో గులాబీ రంగు పూత వేసిన గింజలు మాత్రం చచ్చినా తేకూడదు, అది విత్తనశుద్ధి మందు.

గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువు చెట్ల మీద వాలే గూడబాతులకి (పెలికన్లకి) ఎవరు అట్టపెట్టె చూపించారు?

ఇట్లు,
నీ కిందనున్న తులసికోట చుట్టూ మొలిచిన కొర్రపైరు పీకుతున్న
ఒక మిద్దె రైతు

తా.క.: సీసా పాత సామాన్లవాడికి వెళ్లింది. పళ్లెం మాత్రం ఉంది. చిల్లు లేదని తిట్టాను చూశావూ, ఆ లేకపోవడమే కలిసొచ్చింది. మందార కింద నీడలో రెండు ఇటుకల మీద పెట్టి, మధ్యలో గులకరాళ్లు వేసి, అంగుళం నీళ్లు పోశాం. దోమ గుడ్లు పెట్టకుండా రోజూ పారబోసి, కొబ్బరి పీచుతో తోముతున్నాం. పొద్దున ఆరుంబావుకి ఒక గోరువంక దిగి, నీళ్లన్నీ చిమ్మి, స్నానం చేసి వెళ్లింది. పిచ్చుక పక్క కుండీలో పొడిమట్టిలో పొర్లింది, నీ వైపు చూడలేదు.