పీట్ కింద పొలం గట్లు

ఐర్లాండ్ వాయవ్య తీరంలోని మేయో కౌంటీలో పొయ్యిలోకి పీట్ కోసుకోవడం తరతరాల అలవాటు. నాచు, గడ్డి పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లు పేరుకుంటే ఏర్పడే నల్లటి నేల అది. పెళ్లలుగా కోసి ఎండబెడితే కట్టెల్లా మండుతుంది. 1930లలో బెల్డెరిగ్ బడి పంతులు పాట్రిక్ కాల్‌ఫీల్డ్‌కు పీట్ కోత అడుగున పేర్చినట్టున్న రాళ్లు కనిపించాయి. పీట్ పేరుకోక ముందే వాటిని ఎవరో పెట్టి ఉండాలి కదా అనుకున్నారాయన. ఈ పరిశోధన మొత్తానికీ ప్రాణం ఆ ఒక్క ఆలోచనే అంటాను.

ఆయన కొడుకు షేమస్ పురావస్తు శాస్త్రవేత్త అయ్యాక, 1970లలో ఆ రాళ్ల వెంట నడిచారు. పనిముట్టు ఒక పొడవాటి ఇనుప ఊచ. పీట్ మెత్తన కాబట్టి ఊచ సులువుగా దిగుతుంది. గోడ ఉన్నచోట మాత్రం ముందే ఠక్కున ఆగుతుంది. ఆగిన చోటల్లా కర్ర పాతుకుంటూ పోతే, కింద గోడ ఎటు పోతోందో పైనే తెలిసిపోతుంది. పలుగూ పారా అక్కర్లేదు! అలా కిలోమీటర్ల కొద్దీ గోడలు, వాటి మధ్య పొలాలు బయటపడ్డాయి. అవే కేజా ఫీల్డ్స్. పీట్‌లో చిక్కుకున్న పుప్పొడిని చూస్తే, చెట్లు తగ్గి పచ్చిక పెరిగిన కాలం ఒకటి కనిపిస్తుంది. అంటే పశువుల మేత. కొంత ధాన్యం కూడా పండించారు.

ఇవి సుమారు 5,500 ఏళ్ల నాటివని షేమస్ బృందం లెక్క. 2017లో ఆండ్రూ వైట్‌ఫీల్డ్ అనే పురావస్తు పరిశోధకుడు ఆ ఆధారాలను తిరగేసి, గోడలు అంతకంటే చాలా తర్వాతివని వాదించారు. చిక్కు ఎక్కడంటే, ఒకప్పుడు ప్రాణమున్న వాటి వయసు లెక్కగట్టే రేడియోకార్బన్ పద్ధతి రాయి వయసు చెప్పదు. గోడ పక్కన దొరికిన బొగ్గు, పైన పేరుకున్న పీట్, అందులో మిగిలిన పైన్ మొద్దులు, వీటి వయసును బట్టి గోడ కాలాన్ని ఊహించాలి. ఆ బొగ్గు గోడ కట్టినవాళ్లదేనా, అంతకు ముందు వాళ్లదా? వివాదమంతా అక్కడే.

కేజా ఫీల్డ్స్‌కు ఉన్న ‘ప్రపంచంలోకెల్లా పాత పొలాలు’ అనే బిరుదు పోతుందేమోనని టెన్షన్ పడటం నాకు నచ్చదు. రాళ్లేరి, గట్లు కట్టి, పశువులను మేపుకున్న మనుషుల కష్టం ఏ తేదీ వేసినా తగ్గదు. నిజంగా కాపాడాల్సింది పీట్‌ని. ఊచతో వెతికారే తప్ప అంతా తవ్వేయలేదు కాబట్టి చాలా గోడలు ఇంకా కదలకుండా ఉన్నాయి. వైట్‌ఫీల్డ్ వాదనను పరీక్షించాలన్నా, షేమస్ లెక్కను నిలబెట్టాలన్నా నమూనాలు అక్కడి నుంచే రావాలి.