తగ్గుతున్నంత కాలం కత్తెర పక్కన పెట్టండి

అమెరికాలోని మన తెలుగు సంఘాల్లో ఈ మధ్య బరువు తగ్గుతున్నవాళ్ళు బాగా కనబడుతున్నారు. సాయంత్రం నడక, రాత్రి అన్నం మానేయడం, డాక్టరు రాసిచ్చిన సెమాగ్లుటైడ్, టిర్జెపటైడ్ ఇంజెక్షన్లు, దారి ఏదైనా మంచిదే. కానీ ఆ ఉత్సాహంలో బట్టల విషయంలో జరుగుతున్న రెండు పనులు మాకు బొత్తిగా నచ్చడం లేదు. వదులైనవన్నీ మూటగట్టి డొనేషన్ డబ్బాలో వేసి రావడం ఒకటి. మొదటి 10 పౌండ్లు దిగగానే పట్టు జాకెట్ల నుంచి ఆఫీసు ప్యాంట్ల దాకా అన్నీ ఆల్టరేషన్ షాపుకి మోసుకెళ్ళి, లోపలున్న గుడ్డంతా కోయించి బిగుతు చేయించుకోవడం రెండోది. ఇంకో 10 పౌండ్లు తగ్గితే అదే బట్టకి మళ్ళీ డబ్బు పెట్టాలి. పెరిగితే ఆ బట్ట ఇక ఒంటికి ఎక్కదు. ఇంజెక్షన్లు ఆపేశాక చాలామందికి తగ్గిన బరువులో పెద్ద భాగం తిరిగి వస్తోందని పరిశోధనలే చెబుతున్నాయి కాబట్టి, పెరగడం అనే మాటని కొట్టిపారేయడానికి లేదు.

మేం చెప్పేది ఒక్కటే: ఒళ్ళు తగ్గుతున్నంత కాలం సూదీ దారంతోనే సరిపెట్టుకోండి, కత్తెర ముట్టుకోకండి. వేసిన ప్రతి కుట్టూ మళ్ళీ విప్పుకునేలా ఉండాలి. బరువు ఒకచోట నిలిచి కనీసం 3 నెలలు గడిచాకే కోత గురించి ఆలోచించాలి.

ఇది కొత్తగా కనిపెట్టిన పద్ధతేం కాదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కుట్టించిన జాకెట్టు ఒకటి తిరగేసి చూడండి. పక్క కుట్టు దగ్గర ఒకదాని పక్కన ఒకటిగా రెండు మూడు వరసలు, వాటికి బయట అంగుళమో అంగుళంన్నరో గుడ్డ కనబడతాయి. ఒళ్ళు వస్తే లోపలి వరస విప్పుకోవాలి, తగ్గితే ఇంకో వరస వేసుకోవాలి. ఇక్కడి షాపుల్లో కొన్న రెడీమేడ్ బట్టల్లో చాలావాటికి ఆ గుడ్డ ఉండదు, కుట్టు పక్కనే ఓవర్‌లాక్ చేసి కోసేస్తారు. చంక కింద లావుగా తగులుతోందని ఆ మిగులు గుడ్డ కోసేయడమంత నష్టం ఇంకొకటి లేదు. అంతగా తగులుతుంటే వెనక్కి మడిచి, రెండు చోట్ల చేత్తో టాకా వేయండి, చాలు.

ముందు లెక్క. కుట్టుపని బాగా వచ్చినవాళ్ళు కూడా తడబడేది ఇక్కడే. జాకెట్టు ఛాతీ దగ్గర 2 అంగుళాలు తగ్గించాలనుకుందాం. పక్క కుట్లు 2, ఒక్కో కుట్టులో ముందు గుడ్డా వెనక గుడ్డా కలిపి 2 పొరలు, మొత్తం 4. కాబట్టి 2 అంగుళాల్ని 4తో భాగించాలి, పాత కుట్టుకి అర అంగుళం లోపల కొత్త కుట్టు పడాలి. రెండు పక్కలున్నాయి కదా, పక్కకో అంగుళం అనుకుని కుడితే 4 అంగుళాలు పోతాయి, హుక్కులు అందవు. ప్యాంటు నడుముని వెనక నడి కుట్టు దగ్గర బిగించేటప్పుడు మాత్రం కుట్టు ఒకటే, పొరలు రెండే. అక్కడ 2తో భాగించాలి. అదే 2 అంగుళాలు తగ్గాలంటే కుట్టు నిండుగా అంగుళం లోపలికి జరగాలి.

ఎంత తగ్గించాలో టేపు కంటే గుండుసూదులే బాగా చెబుతాయి. జాకెట్టు తిరగేసి తొడుక్కుని, హుక్కులు పెట్టుకుని, రెండు పక్కలా వదులుగా ఉన్న గుడ్డ పట్టి ఇంట్లో ఎవరితోనైనా సూదులు పెట్టించుకోండి. నిండా ఊపిరి పీల్చి, రెండు చేతులూ పైకెత్తి, కూర్చుని చూడండి. ఎక్కడా పట్టకపోతే అప్పుడు సుద్దతో గీత గీయండి. గీత చేతి అంచు దగ్గర మొదలై, చంక మీదుగా, నడుము దాకా ఎక్కడా తెగకుండా రావాలి. చంక దగ్గర నుంచి కిందికి మాత్రమే కుట్టి చెయ్యిని అలాగే వదిలేస్తే అక్కడ గుడ్డ ముడత పడుతుంది, చెయ్యెత్తినప్పుడల్లా జాకెట్టు మొత్తం పైకి లేస్తుంది. చేతి లూజు తగ్గించనక్కర్లేకపోతే, చంక దగ్గరున్న అర అంగుళాన్ని చేతి అంచుకి వచ్చేసరికి సన్నగా పాత కుట్టులో కలిపేయండి.

మిషన్ మీద కుట్టు పొడవు 5 మిల్లీమీటర్లకి పెట్టి, పైదారం బిగువు 4 నుంచి 2కి తగ్గించి మొదటి వరస వేయండి. ఇది సరిచూసుకోవడానికే. సరిపోకపోతే కింది దారం కొస పట్టుకుని లాగితే జారి వచ్చేస్తుంది. సరిపోతే బిగువు మామూలుగా పెట్టి, 3 మిల్లీమీటర్ల కుట్టు దాని మీదే వేయండి. మొదటి వరసతోనే తొడుక్కుని ఫంక్షన్‌కి వెళ్ళకండి, పెద్ద కుట్లు ఒంటి బిగువుకి నోళ్ళు తెరుస్తాయి. పాత కుట్టుని విప్పకండి. అది కొత్త కుట్టుకి బయటే ఉంటుంది, ఏ అడ్డూ రాదు. మళ్ళీ ఒళ్ళు వస్తే ఎక్కడిదాకా వెనక్కి వెళ్ళాలో అదే చూపిస్తుంది. విప్పాల్సి వచ్చినప్పుడు ప్రతి కుట్టూ కోయనక్కర్లేదు. ఒకవైపు నాలుగైదు కుట్లకి ఒకటి తెంపుకుంటూ పోయి, రెండోవైపు దారం లాగండి.

పట్టు సంగతి వేరు. నూలు గుడ్డలో సూది పడిన చోటు ఉతికి ఇస్త్రీ చేస్తే పూడుకుంటుంది. పట్టులో, టిష్యూలో ఆ చిల్లులు అలాగే ఉండిపోతాయి. లోపలికి కుట్టిన వరసని రేపు విప్పితే, చిల్లుల బారు బట్ట పైకి వచ్చి వెలుతురులో కనబడుతుంది. అందుకే పట్టు జాకెట్టుని మధ్యలో పదేపదే మార్చవద్దు. ఒక పెళ్ళికో వ్రతానికో కావాలంటే 9వ నంబరు సూది, సన్నదారంతో చేత్తో వెనక్కుట్టు వేసుకుని, పని కాగానే విప్పేయండి. ఇస్త్రీ ఆవిరి లేకుండా, పైన పల్చటి నూలు గుడ్డ వేసి చేయండి. నీటి చుక్క పడితే పట్టు మీద మరక నిలిచిపోతుంది.

మగ్గం వర్కు జాకెట్లలో పని ఎక్కువగా మెడ చుట్టూ, చేతుల మీద ఉంటుంది, పక్కలు ఖాళీగా దొరుకుతాయి. చిక్కంతా చేతి అంచు పని కుట్టు దాకా వచ్చినప్పుడే. మిషన్ సూది పూస మీద పడితే విరిగి ముక్క కంటికి ఎగరవచ్చు. పూసలు తీద్దామని పైనుంచి దారం తెంపారా, అంతకంటే పెద్ద ప్రమాదం: మగ్గం పనిలో ఎక్కువ భాగం గొలుసుకుట్టు, ఒకచోట తెగితే వరుసగా ఊడిపోతూ వస్తుంది. లోపలివైపు ఆ దారాన్ని వేరే దారంతో రెండు చోట్ల ముడివేసి పట్టించి, తర్వాత అడ్డొచ్చిన పూసని గుడ్డ కప్పి పటకారుతో చిట్లించాలి. అంత ఓపిక లేకపోతే ఆ రెండంగుళాలూ చేత్తో కుట్టుకోవడమే మేలు.

పక్కల నుంచి 3 అంగుళాలకి మించి తగ్గించాలంటే జాకెట్టు మాట వినదు. భుజం వెడల్పు, చంక చుట్టు పాతవే ఉంటాయి కదా. భుజాలు జారతాయి, మెడ తెరుచుకుంటుంది, ముందు టక్కు కొస దగ్గర ఖాళీ గుడ్డ లేచి నిలబడుతుంది. మెడ ఒక్కటే వదులైతే భుజం కుట్టుని మెడవైపు పావు అంగుళం లోపలికి వేసి, చేతివైపుకి వచ్చేసరికి పాత కుట్టులో కలపవచ్చు. మూడూ కలిసి వచ్చాయంటే ఆ జాకెట్టుని బీరువాలో పెట్టేసి, కొత్తది కుట్టించుకోండి. చీరకి ఎలాగూ కొలతల గొడవ లేదు, లంగాకి బొందు ఉంది.

కమీజులో రెండు జాగ్రత్తలు. కొత్త కుట్టు పక్క కట్ మొదలయ్యే చోట పాత కుట్టులో నున్నగా కలవాలి. తుంటి దగ్గర కూడా తగ్గిస్తే కట్ అంచుల మడత విప్పి మళ్ళీ కుట్టాల్సిందే, ఆ పని చివరి ఆల్టరేషన్‌కి వదిలేయండి. రెండోది, తలమీదుగా తొడిగే బట్ట కాబట్టి నడుముని మరీ పట్టిస్తే అది ఛాతీ దాటి కిందికి దిగదు. జిప్ లేని కమీజులో నడుము దగ్గర కొంత వదులు ఉండాల్సిందే.

మగవాళ్ళ ఆఫీసు ప్యాంటు ఇంట్లో చేసుకోవడానికి చాలా అనువైనది, చాలామంది భయపడి షాపుకిచ్చేదీ అదే. ఒక్క నడుముకే చాలా ఊళ్ళలో 20 డాలర్ల పైమాటే. దాని పట్టీ వెనక మధ్యలో రెండు ముక్కలుగా అతికి ఉంటుంది, విప్పి కుట్టుకోవడానికే అలా చేస్తారు. నడిమి బెల్టు లూపు విప్పండి. పట్టీ లోపలి కుట్టుని అటూఇటూ 3 అంగుళాల మేర విప్పండి. పట్టీ పైఅంచు దగ్గర అంగుళం లోపల గుర్తు పెట్టి, అక్కణ్ణుంచి కిందికి వచ్చేకొద్దీ తగ్గిస్తూ, పిరుదుల వంపు దాటి కాళ్ళ మధ్య అతుకు రాకముందే పాత కుట్టులో కలిపేయండి. గీత ఒక్కసారిగా మలుపు తిరిగితే కూర్చున్నప్పుడు అక్కడ గుడ్డ ముడుచుకుంటుంది. ఈ కుట్టు మీద బరువంతా పడుతుంది కాబట్టి రెండుసార్లు కుట్టాలి. తర్వాత పాత కుట్టు విప్పి, గుడ్డ రెండువైపులా విడదీసి ఇస్త్రీ చేసి, పట్టీ మూసి, లూపు తిరిగి అతికించండి. విప్పకపోతే గుడ్డ పరుచుకోదు. పాత కుట్టుని అలాగే ఉంచమన్న మాటకి ఇదొక్కటే మినహాయింపు. ఇలా 2 అంగుళాల దాకా తగ్గించవచ్చు. దాటితే వెనక జేబులు రెండూ దగ్గరికి వచ్చేస్తాయి, పక్క కుట్లు వెనక్కి తిరుగుతాయి. అలాంటప్పుడు వాడిన బట్టలు అమ్మే థ్రిఫ్ట్ షాపులో తాత్కాలికంగా ఒక ప్యాంటు కొనుక్కోవడం నయం.

జీన్స్ పట్టీ ఒకే ముక్క. మధ్యలో కోస్తే మళ్ళీ మునుపటిలా అతకదు, అందుకని దానికి ఎలాస్టిక్ వాడమంటాం. పట్టీ లోపలి పొరలో మాత్రమే, రెండు పక్క కుట్ల దగ్గర కుట్టుని అంగుళంన్నర విప్పి దారి చేయండి. పిల్లల ప్యాంట్లలో ఉంటుందే, పొడవునా ఖాజాలున్న ఎలాస్టిక్, అది అంగుళం కంటే సన్నగా ఉన్నది తెచ్చి, పిన్నీసుకి తగిలించి వెనకవైపు దూర్చండి. రెండు దారుల దగ్గరా లోపల ఒక్కో బొత్తాం కుట్టి, ఎలాస్టిక్‌ని బొత్తానికి తగిలించండి. నడుము తగ్గినకొద్దీ ఒక్కో ఖాజా లోపలికి జరుపుకోవడమే. తగ్గే కాలానికి ఇంతకంటే అక్కరకొచ్చే వస్తువు మేం చూడలేదు, గజం ధర చాలా తక్కువ.

చొక్కాల పక్క కుట్లు మడిచి రెండు వరసలుగా కుట్టి ఉంటాయి, వాటి జోలికి వెళ్ళకండి. వీపున రెండు నిలువు టక్కులు వేస్తే, మధ్యలో ఒక్కోటి మడత నుంచి అర అంగుళం ఉన్నా మొత్తం 2 అంగుళాలు తగ్గుతుంది. టక్కు కొసల దగ్గర మిషన్‌ని వెనక్కి తిప్పి కుట్టకండి, బుడిపె లేస్తుంది. దారం వదిలి చేత్తో ముడివేయండి. కాలరు గుండీని అర అంగుళం కంటే ఎక్కువ జరిపితే టై వంకరగా కూర్చుంటుంది. టీషర్టులు, లెగ్గింగులు లాంటి సాగే గుడ్డలకి మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూది, సన్న జిగ్‌జాగ్ కుట్టు ఉండాలి, తిన్నని కుట్టు సాగలేక పటుక్కున తెగుతుంది.

సామానుకి పెద్ద ఖర్చేం లేదు. నూలుకి 14వ నంబరు సూది, జీన్స్‌కి 16, పల్చటి గుడ్డకి 9 లేదా 11. ఇండియా నుంచి మోటారు మిషన్ తెచ్చుకోవాలనుకునేవారు ఆగండి, అది 230 వోల్టులది, అమెరికాలో 120 వోల్టుల దగ్గర సరిగ్గా తిరగదు. ఇక్కడ చాలా పబ్లిక్ లైబ్రరీల్లో మేకర్‌స్పేస్ పేరుతో కుట్టుమిషన్లు ఉన్నాయి, చాలాచోట్ల సభ్యత్వ కార్డు ఉంటే చాలు. ఇండియాలో కొత్త జాకెట్లు కుట్టించుకునేవాళ్ళు ఇప్పుడు పాత ఆది జాకెట్టు పంపకండి. తాజా కొలతలు రాసి, పక్కకి అంగుళంన్నర గుడ్డ వదలమని, ఆ గుడ్డ కోయవద్దని టైలరుకి విడిగా చెప్పండి.

సంఘాలకి ఒక మనవి. దసరా సంబరాలకి నెల ముందు ఒక శనివారం మధ్యాహ్నం హాల్లో కుట్టుబల్ల పెట్టండి. 2 మిషన్లు, ఇస్త్రీ బల్ల, నిలువుటద్దం, సూదుల డబ్బా, తొడుక్కుని చూసుకోవడానికి ఒక గది ఉంటే సరిపోతుంది. పిల్లల్ని చూడటానికి వచ్చి 6 నెలలు ఉండే అమ్మలు, అత్తయ్యల్లో కుట్టుపని క్షుణ్ణంగా తెలిసినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. వాళ్ళని పిలిచి, గౌరవంగా కూర్చోబెట్టి, నేర్పించమని అడగండి. డబ్బు ప్రసక్తి మాత్రం రానివ్వకండి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళు గానీ, పని అనుమతి లేని హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) వాళ్ళు గానీ ఇక్కడ కూలి తీసుకుని కుట్టకూడదు. వచ్చినవాళ్ళు ఎవరి బట్ట వాళ్ళే కుట్టుకోవాలి, పెద్దవాళ్ళు పక్కన నిలబడి గీత సరిచూస్తే చాలు.