అందరూ ఒకే వారం ఒకే పుస్తకం

మా అక్క కూతురు న్యూయార్క్‌లోని కొలంబియా కాలేజీలో సీటు తెచ్చుకున్నప్పుడు, క్లాసులు మొదలవకముందే హోమర్ గ్రీకు కావ్యం ఇలియడ్ చదవాలని తెలిసింది. కంప్యూటర్ సైన్స్ చదవబోయే పిల్లకి గ్రీకు యుద్ధం గొడవ ఎందుకని ఇంట్లో అందరం అడిగాం. నేనైతే గట్టిగానే అడిగాను. ఇప్పుడు అలా అడిగేవాళ్లతో వాదిస్తున్నాను.

అక్కడ అందరూ తప్పనిసరిగా చదివే ఉమ్మడి కోర్సులని కోర్ అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక, 1919లో సమకాలీన నాగరికత అనే కోర్సుతో మొదలైంది. 1937లో సాహిత్యం, 1947లో కళ, సంగీతం చేరాయి. మేజర్, అంటే ప్రధానంగా చదివే సబ్జెక్టు, ఏదైనా సరే, తప్పించుకోవడం లేదు. ఇరవై మంది చొప్పున చిన్న క్లాసులు. నోట్సు రాసుకోవడం కాదు, చదివొచ్చి మాట్లాడాలి.

అవి గొప్ప పుస్తకాలు కావడం కన్నా, అందరూ వాటిని ఒకేసారి చదవడమే నాకు ముఖ్యం. "మావయ్యా, అకిలిస్ కోపం న్యాయమేనా అని రాత్రి రెండింటి దాకా కొట్లాడుకున్నాం" అని మా మేనకోడలు ఫోన్ చేసింది. అకిలిస్ అంటే ఇలియడ్‌లోని వీరుడు. రూమ్మేట్‌ది ఎకనామిక్స్, పక్కగది అమ్మాయిది బయాలజీ. ఎవరికి నచ్చిన ఎలక్టివ్ వాళ్లు తీసుకుని ఉంటే ఆ రాత్రి ముగ్గురూ కలిసి దేని గురించి కొట్లాడుకునేవాళ్లు?

నా చదువు గుర్తొస్తే బాధేస్తుంది. పదిహేనేళ్లకే ఎంపీసీ. మార్కులొస్తాయని తెలుగు మానిపించి సంస్కృతం ఇప్పించారు. ఆ లిపి కూడా సరిగ్గా రాకుండానే తొంభై దాటాయి. బైపీసీ వాళ్లతో ఒక్క క్లాసులోనూ కలిసి కూర్చోలేదు. ఇప్పటికీ పాత స్నేహితులం కలిస్తే ప్యాకేజీలు, వీసాలు, స్థలాల రేట్లు. అంతకు మించి మాకు ఉమ్మడిగా ఏమీ ఇవ్వలేదు ఆ చదువు.

కోర్ అంతా పాశ్చాత్య మగవాళ్ల జాబితా అన్న విమర్శ ఉంది. చాలావరకు నిజమే. అక్కడి బట్లర్ లైబ్రరీ ముఖభాగం మీద చెక్కినవి హోమర్, సోఫోక్లీస్, ప్లేటో లాంటి పేర్లే. 1989లో విద్యార్థులు వాటికి పైన స్త్రీ రచయితల పేర్లతో బ్యానర్ కట్టారు. 2019లో మళ్లీ కట్టిన బ్యానర్‌లో తమిళనాడు ట్రాన్స్ రచయిత్రి ఎ. రేవతి పేరు ఉంది. అది చూసి నాకు ఎంత సంతోషమేసిందో! అందరిదీ అయిన జాబితా ఒకటి ఉంది కాబట్టే, అందులో మా పేరేదని నిలదీయడం కుదిరింది.

మన దగ్గరా ఇలాంటిది కావాలి. ఖర్చవుతుంది, తెలుసు. ఇరవై మందికో మాస్టారు ఊరికే రారు. కానీ విజయవాడ మెకానికల్ కుర్రాడు, వరంగల్ బీకాం అమ్మాయి ఒకే వారం జాషువా గబ్బిలం చదవాలి. గుడిలోకి రానివ్వని మనిషి గబ్బిలంతో శివుడికి కబురెందుకు పంపాల్సి వచ్చిందో, అన్ని కులాల పిల్లలూ ఒకే బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడాలి. ఆ వారం హాస్టల్ మెస్‌లో వాళ్ల మాటలు వినాలని ఉంది నాకు.